బలానికి వేళ: డొమినియన్స్ ఆటలో దేశాన్నీ దేవుణ్ణీ ఎంచుకొనే పద్ధతి

అనేకమంది కలిసి ఆడే వ్యూహక్రీడల్లో మొదటి ఎత్తు వేయకముందే ఫలితాన్ని చాలావరకు మలిచే ఘట్టం ఒకటి ఉంటుంది. పక్షాన్ని ఎంచుకొని, దానికి నాయకత్వం వహించే పాత్రను తీర్చిదిద్దుకొనే ఘట్టం అది. స్వీడన్‌కు చెందిన ఇల్వింటర్ గేమ్ డిజైన్ అనే చిన్న సంస్థ రూపొందించిన డొమినియన్స్ క్రీడామాలిక ఈ ఘట్టానికి ఇచ్చిన ప్రాధాన్యం ఫాంటసీ ఆటల్లో అరుదుగా కనిపిస్తుంది. యోహాన్ కార్ల్‌సన్, క్రిస్టోఫర్ ఓస్టర్‌మన్ అనే ఇద్దరి చేతుల్లో పెరిగిన ఈ మాలికలో మూడో ఆట 2006లో, నాలుగోది 2013లో, అయిదోది 2017లో, ఆరోది 2024లో వెలువడ్డాయి. వివరాల్లో తేడాలున్నా చాలావరకు కొనసాగుతున్న మూలసూత్రాలను ఆధారం చేసుకొని, ఒక ఆటగాడు తన పక్షాన్నీ పాత్రనూ ఎలా కూర్చుకోవాలో ఈ అధ్యాయం వివరిస్తుంది.

ఆట కథ సరళమైనది. లోకాన్ని ఏలిన పరమాధికారి, అంటే ఆట పరిభాషలో పాంటోక్రేటర్, అదృశ్యమయ్యాడు. ఖాళీ అయిన ఆ దైవపీఠం కోసం పోటీపడే శక్తులను ప్రిటెండర్లు అంటారు. ప్రతి ఆటగాడూ ఒక దేశాన్ని ఎంచుకొని, దానికి దైవంగా ఒక ప్రిటెండర్‌ను తానే రూపొందించుకొని బరిలోకి దిగుతాడు. ఒక్కో ఎత్తు ఆటలో ఒక నెలకు సమానం. ఆటగాళ్లందరూ తమ ఆజ్ఞలను విడివిడిగా సిద్ధం చేసి పంపిస్తే అవన్నీ ఒకేసారి అమలవుతాయి. యుద్ధం మొదలయ్యాక ఎవరూ జోక్యం చేసుకోలేరు. సేనాని ఎక్కడ నిలవాలో, మంత్రవేత్త మొదటి అయిదు వంతుల్లో ఏ మంత్రాలు ప్రయోగించాలో ముందే రాసిపెట్టాలి. పటంపై అక్కడక్కడా ఉండే ఆరోహణ సింహాసనాలను, ఆట నిర్వాహకుడు నిర్ణయించినంత మేరకు, స్వాధీనం చేసుకున్నవారు గెలుస్తారు. దేవుడి మతప్రభావాన్ని డొమినియన్ అంటారు, పటంపై దాన్ని కొవ్వొత్తుల గుర్తుతో చూపుతారు. ఆ ప్రభావం ఏ ప్రాంతంలోనూ మిగలకపోతే, ఎంత సైన్యమున్నా ఆ ఆటగాడు పోటీ నుంచి తొలగిపోతాడు.

బహుళ ఆటగాళ్ల పోటీల్లో ఒక ఎత్తుకు దాదాపు ఒక రోజు గడువిచ్చే పద్ధతి విస్తృతంగా ఉంది కనుక ఒక పోటీ నెలల తరబడి సాగుతుంది. దేవుణ్ణి రూపొందించేటప్పుడు జరిగిన పొరపాటును మధ్యలో సరిదిద్దుకొనే వీలు ఉండదు. మొదటి సాయంత్రం తీసుకున్న నిర్ణయంతో ఆటగాడు ఆ నెలలన్నీ గడపాలి. అందువల్ల కూర్పుపై వెచ్చించే ఆలోచన ఆటలో మిగతా ఏ ఆలోచనకన్నా విలువైనది.

మూలసూత్రం

కొత్త ఆటగాళ్లు కూర్పు తెర ముందు కూర్చోగానే ‘ఏది బలమైనది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిలకడైన సమాధానం లేదు, ఎందుకంటే ఈ ఆటలో ప్రతి బలానికీ ఒక వేళ ఉంటుంది. ఒక దేశపు పదాతిదళం మొదటి ఏడాది ఎదురులేనిదై మూడో ఏడాదికి మంత్రాల ముందు నిలవలేకపోవచ్చు, మరో దేశపు మంత్రవేత్తలు ఆరంభంలో భారంగా కనిపించి పరిశోధన ముదిరాక పటాన్నే శాసించవచ్చు. కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న ‘ఈ పక్షం ఎప్పుడు బలంగా ఉంటుంది?’ అన్నది. దేశం, దేవుడి రూపంతో పాటు అతడు మేల్కొనే కాలం, భూమిపై అతని ప్రభావపు స్వభావం, సైనికులకు అతడిచ్చే వరం అన్న నాలుగు నిర్ణయాలూ ఆ ఒక్క వేళను ఉద్దేశించి ఒకదానికొకటి తోడ్పడినప్పుడే కూర్పు నిలబడుతుంది. నీరు వదిలే తేదీని బట్టి వరి రకాన్ని ఎంచుకొని, ఆ రకం కాలపరిమితిని బట్టి ఎరువునూ కోతనూ నిర్ణయించుకొనే రైతు లెక్క ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. మంచి విత్తనం, మంచి ఎరువు, మంచి నేల విడివిడిగా ఉన్నంత మాత్రాన వేళ తప్పిన పంట చేతికి రాదు.

మొదటి నిర్ణయం: దేశాన్ని చదవడం

డొమినియన్స్‌లో కాలం తొలియుగం, మధ్యయుగం, మలియుగం అని మూడుగా విడిపోయి ఉంటుంది, పోటీ ఈ మూడింటిలో ఒకదానిలో జరుగుతుంది. ఒకే పేరున్న దేశం ఒక్కో యుగంలో ఒక్కో స్వభావంతో ఉంటుంది. తొలియుగంలో రోమన్ సామ్రాజ్యాన్ని తలపించే మానవదేశమైన ఎర్మోర్ మధ్యయుగానికి శవసేనలు నడిచే బూడిద సామ్రాజ్యంగా మారుతుంది. తొలియుగపు అనాగరిక ఉల్మ్ మధ్యయుగంలో నల్లని ఉక్కు కవచాలు తొడిగిన కమ్మరుల దేశమవుతుంది. అందువల్ల దేశం పేరు విని నిర్ణయానికి రాకుండా, ఏ యుగంలోని దేశమో చూసుకొని, మూడు ప్రశ్నలకు సమాధానాలు రాబట్టాలి.

మొదటి ప్రశ్న, ఈ దేశపు సాధారణ సైన్యం దేవుడి సాయం లేకుండా స్వతంత్ర ప్రాంతాలను గెలవగలదా అన్నది. ఏ ఆటగాడికీ చెందకుండా స్థానిక సైన్యాల రక్షణలో ఉండే ప్రాంతాలను స్వతంత్ర ప్రాంతాలంటారు. ఆటలోని తొలి ఏడాది ప్రధానంగా వీటిని జయించడంలోనే గడుస్తుంది. బంగారం, మంత్రాలకు ఇంధనమైన రత్నాలు, కోటలు కట్టడానికి స్థలం అన్నీ ఈ విస్తరణతోనే పెరుగుతాయి కనుక, ఇక్కడ వెనకబడినవారు తరువాత ఎంత తెలివిగా ఆడినా ఇరుగుపొరుగుకన్నా చిన్న ఆర్థికబలంతో ఆడవలసి వస్తుంది.

రెండో ప్రశ్న, ఈ దేశపు మంత్రవేత్తలు ఏ మార్గాల్లో నిపుణులన్నది. అగ్ని, వాయు, జల, భూ, నక్షత్ర, మృత్యు, ప్రకృతి, రక్త మార్గాలు అని మంత్రవిద్య అయిదో ఆటలో ఎనిమిది శాఖలు. ఆరో ఆటలో భ్రమకు సంబంధించిన గ్లామర్ మార్గం వీటికి తోడైంది. మంత్రం ప్రయోగించడానికి సరైన మార్గంలో తగిన స్థాయి ఉన్న మంత్రవేత్త కావాలి, ఆ మంత్రం ముందుగా పరిశోధనలో వెలికిరావాలి. పరిశోధన ఏడు విభాగాలుగా, ప్రతి విభాగం తొమ్మిది స్థాయిల వరకూ సాగుతుంది. తన మంత్రవేత్తలు వాడగల మంత్రాల్లో యుద్ధాన్ని మలుపు తిప్పేవి ఏ విభాగంలో ఏ స్థాయిలో ఉన్నాయో గుర్తించిన ఆటగాడికి తన దేశపు బలానికి వేళ దాదాపుగా తెలిసిపోతుంది. ఆ మంత్రాలు మూడో నాలుగో స్థాయిలోనే దొరికితే అది త్వరగా పుంజుకొనే దేశం, ఏడో ఎనిమిదో స్థాయి వరకు వేచి ఉండాలంటే అప్పటివరకు బతికి ఉండే మార్గం విడిగా ఆలోచించాలి.

మూడో ప్రశ్న, ఈ దేశానికే పరిమితమైన నియమం ఏమిటన్నది. హిమరాక్షసుల దేశమైన నీఫెల్‌హైమ్ తీవ్రమైన చలిని కోరుకుంటుంది. నిప్పుజాతి దేశమైన అబీసియాకు తీవ్రమైన వేడి కావాలి. అజ్టెక్ సంస్కృతి ఛాయలున్న తొలియుగపు మిక్ట్‌లాన్‌లో దేవుడి ప్రభావం ఇతర దేశాల్లో మాదిరిగా తనంతట తాను వ్యాపించదు, దాన్ని రక్తబలి ద్వారానే విస్తరింపజేయాలి. ఇలాంటి నియమాలు ఆటగాడి ఖర్చులను, పూజారుల అవసరాన్ని, చివరికి దౌత్యాన్ని కూడా ప్రభావితం చేస్తాయి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక ప్రత్యేక సంగతి ఉంది. తొలియుగంలోని కైలాస, లంక, మధ్యయుగంలోని బందర్‌లోగ్, మలియుగంలోని పాతాళ అనే దేశాలు భారతీయ పురాణేతిహాసాల నుంచి పుట్టినవే. బందర్‌లోగ్ అన్న పేరు మాత్రం కిప్లింగ్ అడవి కథల ద్వారా వచ్చింది. కైలాసలో యక్షులు, గంధర్వులు, వారి కింద వానరసేనలు ఉంటాయి. లంకలో రాక్షసులు, రక్తమార్గ విద్యలు ప్రధానం. ఈ పేర్లతో ఉన్న చిరపరిచయం దేశ స్వభావాన్ని త్వరగా పట్టుకోవడానికి తోడ్పడుతుంది. అయితే పురాణంలో వానరసేన గెలిచిందన్న భరోసాతో ఆటలో చవక వానర పదాతిని ముందుకు తోలితే, ఆ దళాలకు ధైర్యం తక్కువ కనుక అవి తొలి దెబ్బకే చెదిరిపోవచ్చు. కథ దేశం వైపు ఆకర్షించవచ్చు గానీ నిర్ణయం మాత్రం ఆ దళాల ప్రాణబలం, కవచం, ధైర్యం, ఖర్చు అన్న అంకెలను చదివాకే జరగాలి.

రెండో నిర్ణయం: దేవుడి రూపం, మేల్కొనే కాలం

ప్రిటెండర్‌ను రూపొందించడానికి ఆట పరిమితమైన అంకాలను ఇస్తుంది. రూపానికి, మంత్రమార్గాలకు, డొమినియన్ బలానికి, భూప్రభావాలకు అన్నింటికీ వాటి నుంచే ఖర్చు పెట్టాలి. రూపాలను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటివి డ్రాగన్ల వంటి మృగరూపాలు, మహాకాయులైన టైటన్లు; యుద్ధంలో ఒంటరిగా సైన్యాన్ని ఎదుర్కోగల శరీరం వీటి సొత్తు. రెండోవి విగ్రహం, ఊట, శకునపీఠం వంటి కదలని రూపాలు. ఇవి తమ చోటు వదిలి నడవలేవు గాని గట్టి డొమినియన్‌తో మొదలై, ఎక్కువ స్థాయి మంత్రవిద్యను, దాని ద్వారా బలమైన వరాన్ని ఇవ్వడానికి అనువుగా ఉంటాయి. మూడోవి మహామాంత్రికుల వంటి మానవరూపాలు. శరీరబలం లేకపోయినా కొత్త మంత్రమార్గాలు వీటికి చవకగా దొరుకుతాయి కనుక, అనేక మార్గాల్లో కొద్దికొద్దిగా నైపుణ్యమున్న దేవుణ్ణి చేయడానికి పనికివస్తాయి. ఇటువంటి దేవుణ్ణి ఆటగాళ్లు రెయిన్‌బో అంటారు; రత్నాలనిచ్చే, దాగివున్న మంత్రస్థలాలను వెతకడం, దేశపు మంత్రవేత్తలకు సాధ్యంకాని ఆయుధాలను, ఆభరణాలను తయారుచేయడం ఇతని పని.

రూపంతో పాటే మేల్కొనే కాలాన్నీ నిర్ణయించాలి. మెలకువతో ఉన్న దేవుడు మొదటి నెల నుంచే పనిచేస్తాడు, కానీ అదనపు అంకాలు ఏవీ రావు. నిద్రాణంగా ఉన్న దేవుడు సుమారు ఒక ఏడాది తరువాత వస్తాడు. ప్రతిఫలంగా కొన్ని అంకాలు దక్కుతాయి. బందీగా ఉన్న దేవుడు సుమారు మూడేళ్ల వరకూ రాడు. దక్కే అంకాలు మరింత ఎక్కువ. ఈ మార్పిడిలో ఆటగాడు అమ్ముతున్నది కాలం, కొంటున్నది ఇతర సామర్థ్యాలు. దేశపు సొంత సైన్యం స్వతంత్ర ప్రాంతాలను తేలికగా గెలిచేదైతే దేవుడి తొలి ఏడాదిని అమ్ముకోవడంలో నష్టం స్వల్పం. సైన్యం బలహీనమైతే, మెలకువతో ఉన్న మృగరూపం ఒంటరిగా ప్రాంతాలు గెలుస్తూ విస్తరణను మోస్తుంది. అటువంటి దేవుణ్ణి ఎంచుకున్నవారు అతని శరీరం పనికివచ్చే కాలం పరిమితమని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పొరుగువారి మంత్రపరిశోధన పెరిగేకొద్దీ ఒంటరి వీరుణ్ణి పడగొట్టే సాధనాలూ పెరుగుతాయి. దేవుడు యుద్ధంలో మరణిస్తే పూజారులు అనేక నెలలపాటు ప్రార్థించి తిరిగి పిలవాలి, తిరిగి వచ్చిన దేవుడు మంత్రవిద్యలో కొంత కోల్పోయి వస్తాడు.

మూడో నిర్ణయం: భూమిపై ప్రభావం

దేవుడి డొమినియన్ వ్యాపించిన ప్రాంతాల్లో భూమి స్వభావం మారుతుంది; ఆ మార్పులను ఆటగాళ్లు స్కేల్స్ అంటారు. ఇవి ఆరు జంటలు. క్రమం ఆదాయాన్ని పెంచి అనుకోని సంఘటనలను తగ్గిస్తుంది, అరాచకం దీనికి విరుద్ధం. ఉత్పాదకత కవచాలు, ఆయుధాలు తయారుచేసే వనరులను పెంచుతుంది, సోమరితనం తగ్గిస్తుంది. వృద్ధి జనాభానూ ఆహారాన్నీ పెంచుతుంది, మరణం క్షీణింపజేస్తుంది. అదృష్టం జరిగే సంఘటనలను మేలువైపు తిప్పుతుంది, దురదృష్టం కీడువైపు తిప్పుతుంది. మంత్రశక్తి పరిశోధనను వేగిరపరుస్తుంది; దానికి విరుద్ధమైన డ్రెయిన్ పరిశోధనను మందగింపజేసి, మంత్రప్రయోగాన్ని అలసటగా మార్చి, మంత్రాలకు సైనికుల ప్రతిఘటనను పెంచుతుంది. ఆరో జంట వేడి, చలి. అయిదో ఆటలో ఒక్కో జంటలో ఒక్కో మెట్టు మంచివైపు జరపడానికి 40 అంకాలు ఖర్చవుతాయి, చెడువైపు జరిపితే అవే 40 అంకాలు చేతికి వస్తాయి.

ఇక్కడే కూర్పు కళ బయటపడుతుంది. ఏ స్కేల్ మంచిదన్న ప్రశ్నకు దేశంతో సంబంధం లేని జవాబు లేదు. బంగారం రాజ్యమంతటికీ ఉమ్మడి నిధి, కానీ వనరులు ఆ ప్రాంతంలోనో దాని పక్కనున్న కోటలోనో, ఆ నెలలోనే ఖర్చుకావాలి. అందువల్ల తేలికపాటి కవచం, ఎక్కువ జీతం ఉన్న సైన్యానికి క్రమం ముఖ్యమవుతుంది, బరువైన కవచాల సైన్యానికి ఉత్పాదకత ముఖ్యమవుతుంది. మలికాలంలో గెలవాలనుకున్నవారికి వృద్ధి ఏడాది ఏడాదికీ పెరిగే పెట్టుబడి అవుతుంది, తొలి ఏడాదే పొరుగును ముంచెత్తదలచినవారికి అదే వృద్ధి ఫలితం చూడకుండానే ఖర్చయిన అంకంగా మిగులుతుంది. ఎంత మంచి స్కేల్స్ తీసుకున్నా డొమినియన్ వ్యాపించని చోట వాటి ప్రభావం ఉండదు గనుక, దేవుడి డొమినియన్ బలానికీ, ఆలయాల నిర్మాణానికీ కొంత కేటాయించకుండా భూమిని మాత్రమే తీర్చిదిద్దడం అసంపూర్ణమైన పని.

నాలుగో నిర్ణయం: వరం

ప్రతి దేశానికీ పవిత్రసేనలని పిలిచే కొన్ని దళాలు ఉంటాయి. పూజారి యుద్ధరంగంలో ఆశీర్వదించినప్పుడు వీటికి దేవుడి మంత్రమార్గాలకు అనుగుణమైన వరం దక్కుతుంది; దీన్నే బ్లెస్ అంటారు. అగ్నిమార్గం నుంచి మండే ఆయుధాలు, ప్రకృతిమార్గం నుంచి గాయాలు తమంతట తాము మానే శక్తి, భూమార్గం నుంచి అలసట తీరే శక్తి, నక్షత్రమార్గం నుంచి మంత్రప్రతిఘటన వంటివి లభిస్తాయి. బలమైన వరాలకు దేవుడు ఆ మార్గంలో ఉన్నతస్థాయిలో ఉండాలి, అందుకు చాలా అంకాలు ఖర్చవుతాయి. కొన్ని వరాలు దేవుడు మేల్కొని లోకంలో ఉన్నప్పుడే పనిచేస్తాయి. బందీ దేవుడికి అటువంటి వరాన్ని జోడించినవారు మూడేళ్లపాటు దాని ఫలితం చూడలేరు.

వరాన్ని పవిత్రసేన శరీరాన్ని బట్టి ఎంచుకోవాలి. గాయాలు మానే శక్తి సైనికుడి మొత్తం ప్రాణబలంలో కొంత శాతంగా పనిచేస్తుంది. హిమరాక్షసుడి వంటి మహాకాయుడికి అది ప్రతి వంతులోనూ గణనీయమైన లాభం, రెండు దెబ్బలకే పడిపోయే మామూలు మనిషికి ఆ శక్తి పనిచేసే అవకాశమే రాదు. మండే ఆయుధాల వంటి దాడివరాలు ఎక్కువమంది, ఎక్కువ దెబ్బలు కొట్టే చవక పవిత్రసేనకు నప్పుతాయి, ఎందుకంటే ఆ లాభం ప్రతి దెబ్బకూ కలుస్తుంది. పవిత్రసేన ఖరీదైనదై, రాజధానిలోనే దొరుకుతూ, యుద్ధంలోనూ సాధారణంగానే ఉంటే, పెద్ద వరంపై అంకాలు వెచ్చించడంకన్నా వాటిని స్కేల్స్‌కు మళ్లించడం వివేకం.

మూడు కూర్పులు

పై నిర్ణయాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో మూడు దేశాల ద్వారా చూడవచ్చు.

తొలియుగపు నీఫెల్‌హైమ్‌లో పవిత్రసేన హిమరాక్షసులే. వారు సంఖ్యలో తక్కువ, ఖరీదులో ఎక్కువ, ఒక్కొక్కరు అనేకమంది మనుషులతో సమానం. కొద్దిమంది రాక్షసులు స్వతంత్ర ప్రాంతాలను గెలవగలరు కనుక దేవుడి తొలి నెలలను అమ్ముకోవచ్చు. వచ్చిన అంకాలతో గాయాలు మానే శక్తిని, మంత్రప్రతిఘటనను కొనవచ్చు. దేశం కోరే చలిని తీసుకొని, ఖరీదైన సేనను పోషించడానికి క్రమాన్ని జోడించవచ్చు. ఈ కూర్పు మొదటి ఏడాదిలోనే బలంగా ఉంటుంది. ఒక్క రాక్షసుణ్ణి కోల్పోవడం కూడా పెద్ద నష్టం కనుక, ఆ బలాన్ని వృథా యుద్ధాల్లో అరగదీయకుండా లాభసాటి విస్తరణకు వాడాలి.

మధ్యయుగపు ఉల్మ్ సైనికులు మంచి ఉక్కు కవచాలతో ఉంటారు, కానీ మంత్రాలను తట్టుకోవడంలో బలహీనులు; అక్కడి మంత్రవేత్తలైన కమ్మరులు భూమార్గ నిపుణులు, మంత్రాయుధాలను తక్కువ ఖర్చుతో తయారుచేయగలరు, డ్రెయిన్ వల్ల వారి పరిశోధన కుంటుపడదు. దీన్నిబట్టి ఉత్పాదకతను పెంచి, ఇతరులకు నష్టమైన డ్రెయిన్‌ను తీసుకొని అంకాలు పొందడం సమంజసం. అదే డ్రెయిన్ సైనికుల మంత్రప్రతిఘటననూ కొంత పెంచుతుంది. కమ్మరులకు లేని మార్గాలను నిద్రాణంగా ఉన్న రెయిన్‌బో దేవుడు ఏడాది తరువాత వచ్చి పూరిస్తాడు. ఆరంభంలో ఉక్కు కాపాడుతుంది, పొరుగువారి మంత్రాలు పదునెక్కే వేళకు దేవుడు అందివస్తాడు. అయితే ఇతర జాతుల మంత్రవేత్తలను కొలువులోకి తీసుకుంటే వారు డ్రెయిన్ భారాన్ని మోయవలసి ఉంటుందని ఆటగాడు లెక్కలో ఉంచుకోవాలి.

మధ్యయుగపు ఎర్మోర్ లెక్క ఈ రెండింటికీ భిన్నం. దాని ప్రభావం వ్యాపించిన చోట జనాభా నశిస్తుంది. శవసేనలు జీతం, తిండి అవసరం లేకుండా పుట్టుకొస్తాయి. బంగారంపై ఆధారపడని దేశానికి క్రమం, ఉత్పాదకత, వృద్ధి పెద్దగా ఉపయోగపడవు కనుక, వాటి వ్యతిరేక స్కేల్స్ తీసుకొని అంకాలను డొమినియన్ బలానికి, మంత్రవిద్యకు తరలించవచ్చు. ఇతర దేశాలను దివాలా తీయించే స్కేల్స్ ఇక్కడ సహజమైన ఎంపిక అవుతాయి. దీనికి చెల్లించే మూల్యం దౌత్యంలో కనిపిస్తుంది. తమ జనాభాను చంపే ప్రభావాన్ని ఏ పొరుగూ సహించదు, ఎర్మోర్ అందరికీ ఉమ్మడి శత్రువయ్యే అవకాశం మొదటి నుంచీ ఉంటుంది.

పొరుగువారి లెక్క

బహుళ ఆటగాళ్ల పోటీలో కూర్పు ఒంటరిగా పరీక్షకు నిలవదు. దానికి చుట్టూ ఇతరుల కూర్పులు, వారి భయాలు, ఆశలు ఉంటాయి. తొలి ఏడాది బలంగా ఉండే దేశం పొరుగున ఉన్నవారికి ఆ సంగతి ముందే తెలుసు కనుక, వారు రక్షణ పెంచుకోవచ్చు లేదా ఒకరితో ఒకరు చేతులు కలపవచ్చు. మలికాలంలో వికసించే దేశం ఆరంభంలో బలహీనంగా కనిపిస్తుంది కనుక, మాట నిలబెట్టుకొనే పొరుగువాడిగా పేరు తెచ్చుకొని సమయం సంపాదించాలి. దీనికి ఆటగాళ్లు వాడే సాధనం నాప్, అంటే దాడి చేయబోమన్న ఒప్పందం. ఒప్పందం విరమించే ముందు మూడు ఎత్తుల వ్యవధి ఇవ్వాలన్న షరతు వాడుకలో ఎక్కువగా కనిపిస్తుంది. సరిహద్దులు ఎక్కడో, ఏ ప్రాంతం ఎవరిదో ముందే స్పష్టంగా మాట్లాడుకోవడం తరువాతి అనుమానాలను చాలావరకు నివారిస్తుంది.

ఇద్దరు పొరుగువారు హోరాహోరీగా పోరాడినప్పుడు గెలిచినవాడు కూడా అలసిపోతాడు, లాభం మూడోవాడికి చేరుతుంది. అందువల్ల తొలిదాడికి అనువైన కూర్పుతో వచ్చినవారు శత్రువును త్వరగా ముగించగలమా, ముగించాక మిగిలిన సైన్యంతో సరిహద్దులు కాపాడుకోగలమా అన్న రెండు ప్రశ్నలకూ అవునన్న సమాధానం ఉన్నప్పుడే కదలాలి. గెలుపును నిర్ణయించే సింహాసనాలను కూడా కూర్పు సమయంలోనే దృష్టిలో ఉంచుకోవాలి. సింహాసనాన్ని స్వాధీనం చేసుకోవడానికి దేవుడు గాని, ఆటగాడు తన సేనానుల్లో ఒకరిని నియమించుకొనే ప్రవక్త గాని, మూడో స్థాయి పూజారి గాని అవసరం. దేశానికి ఆ స్థాయి పూజారులు మామూలుగా దొరకకపోతే, కదలని దేవుణ్ణి ఎంచుకున్నవారికి చివరిదశలో ఒక్క ప్రవక్తపైనే భారం పడుతుంది.

తరచుగా కనిపించే వైరుధ్యాలు

విఫలమయ్యే కూర్పుల్లో సాధారణంగా చెడ్డ అంశాలు ఉండవు. మంచి అంశాలే వేర్వేరు కాలాలకు గురిపెట్టి ఉంటాయి. బలహీనమైన తొలి సైన్యానికి బందీ దేవుణ్ణి జోడిస్తే విస్తరణకు ఎవరూ ఉండరు. మెలకువతో ఉన్న మృగరూపానికి ఖర్చుపెట్టి, వృద్ధిపై కూడా భారీగా వెచ్చిస్తే, దాడి చేయవలసిన వేళకు ఆర్థికబలం చాలదు, ఆర్థికబలం పండే వేళకు దేవుడి శరీరం చాలదు. ఇప్పటికే అనేక మార్గాల మంత్రవేత్తలున్న దేశానికి రెయిన్‌బో దేవుణ్ణి ఇస్తే ఉన్నదే మళ్లీ కొన్నట్టు అవుతుంది. అన్ని స్కేల్స్‌నూ కొద్దికొద్దిగా మంచివైపు జరిపి, వరాన్ని కూడా కొద్దిగా తీసుకొని, దేవుణ్ణి నిద్రాణంగా ఉంచే మధ్యేమార్గం జాగ్రత్తగా కనిపిస్తుంది గాని, ఏ నెలలోనూ పొరుగువారికన్నా ముందుండని పక్షాన్ని తయారుచేస్తుంది. కొంత బలహీనతను తెలిసి అంగీకరించడం ఈ ఆటలో తప్పనిసరి. ఆ బలహీనత ఏ కాలంలో బయటపడుతుందో, అప్పుడు దాన్ని దేనితో కప్పుకోవాలో తెలిసి ఉంటే చాలు.

ఆచరణ క్రమం

ఈ సూత్రాలను అమలులో పెట్టదలచినవారు మొదట తమ కూర్పును ఒక్క వాక్యంలో రాయాలి. ‘మొదటి ఏడాది పవిత్రసేనతో విస్తరించి, రెండో ఏడాది ఒక పొరుగును జయించి, ఆ భూమితో పరిశోధన నడిపించాలి’ అన్నట్టు కాలం, సాధనం, ఫలితం మూడూ ఆ వాక్యంలో ఉండాలి. వాక్యం కుదరకపోతే కూర్పు ఇంకా కుదరలేదని అర్థం.

తరువాత ప్రతి ఖర్చునూ ఆ వాక్యంతో సరిపోల్చాలి. ఫలానా మంత్రమార్గం ఎందుకు, ఫలానా స్కేల్ ఎందుకు, డొమినియన్ బలం ఇంతే ఎందుకు అని అడిగినప్పుడు సమాధానం ఆ వాక్యంలో దొరకాలి. ‘ఉంటే మంచిది’ అన్న సమాధానం వచ్చిన ప్రతిచోటా అంకాలను వెనక్కి తీసుకోవాలి.

మూడో పని పరీక్ష. పోటీకి ముందే ఒంటరిగా ఆట మొదలుపెట్టి, మొదటి ఏడాదికి సరిపడా పన్నెండు ఎత్తులు ఆడి, ఎన్ని ప్రాంతాలు వచ్చాయో, ఎంత సైన్యం పోయిందో, ఎన్ని పరిశోధన స్థాయిలు పూర్తయ్యాయో నమోదు చేసుకోవాలి. యాదృచ్ఛికత ఈ ఆటలో బలంగా ఉంటుంది. దాడిలోనూ రక్షణలోనూ రెండు పాచికల మొత్తం కలుస్తుంది, ఆరు పడిన పాచిక మళ్లీ పడి అంకె ఇంకా పెరగవచ్చు; కాబట్టి ఒక్క పరీక్ష ఫలితాన్ని నమ్మరాదు. వేర్వేరు పటాలపై అదే కూర్పును పలుమార్లు ఆడినప్పుడు, అదృష్టం బాగులేని ఆటలో కూడా విస్తరణ సాగితేనే అది పోటీకి తగిన కూర్పు.

నాలుగో పని, పోటీ మొదలయ్యాక ప్రతి ఆరు నెలల ఆటకాలానికి ఒకసారి ఆ వాక్యాన్ని తిరిగి చదవడం. స్వతంత్ర ప్రాంతాలు అనుకున్నదానికన్నా కఠినంగా ఉండవచ్చు, పొరుగువాడు ముందే దాడి చేయవచ్చు, అనుకోని మంత్రస్థలం దొరకవచ్చు. దేవుణ్ణి, స్కేల్స్‌ను మార్చలేకపోయినా పరిశోధన క్రమాన్ని, కోటల స్థానాన్ని, ఒప్పందాలను మార్చుకోవచ్చు. ఎంచుకున్న వేళ రాకముందే యుద్ధం మీద పడితే దాన్ని వాయిదా వేసే మార్గం వెతకాలి, వేళ వచ్చాక మాత్రం ఇంకొంచెం బలపడదామన్న కోరికకు లొంగకుండా కదలాలి. సిద్ధంగా ఉన్న సైన్యం నిలిచిపోయిన ప్రతి నెలా ఇతరుల పరిశోధన ముందుకు సాగుతుంది.

పరిమితమైన వనరులతో అన్నింటినీ కోరుకోకుండా, ఏ కాలంలో దేన్ని సాధించాలో ముందే నిశ్చయించుకొని, ఆ నిశ్చయానికి తగినట్టు మిగతావాటిని ఇష్టపూర్వకంగా వదులుకోగలగడం ఈ ఆట నేర్పే శిక్షణ. ఓడిన ఆటగాడు కూడా తన వాక్యాన్ని ముందుంచుకొని ఏ నెలలో లెక్క తప్పిందో చూపించగలిగితే ఆ ఓటమి తదుపరి కూర్పుకు పెట్టుబడి అవుతుంది. ఎందుకు గెలిచాడో చెప్పలేని విజేతకు ఆ గెలుపు మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. కాబట్టి వాక్యం రాసి, పరీక్షించి, అప్పుడే బరిలోకి దిగాలి.